లియోప్రాక్టస్ జెఫిర్

లియోప్రాక్టస్ జెఫిర్ నైరుతి ఆస్ట్రేలియాకు మాత్రమే పరిమితమైన చిన్న ఏకాంతజీవి తేనెటీగ. ఇది కొల్లెటిడే కుటుంబానికి చెందినది. మొదటి నమూనా 1979లోనే సేకరణకు చేరినా, కొత్త జాతిగా శాస్త్రీయ వర్ణన 2022లో గానీ వెలువడలేదు. కర్టిన్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు కిట్ ప్రెండర్‌గాస్ట్ 'జర్నల్ ఆఫ్ హైమనోప్టెరా రీసెర్చ్'లో దీన్ని వర్ణించి, తన పెంపుడు కుక్క జెఫిర్ పేరు పెట్టారు.

ముఖం దిగువన ఉండే క్లైపియస్ అనే పలక మూతిలా ముందుకు పొడుచుకు రావడం దీని ప్రధాన గుర్తింపు లక్షణం. ఏకాంతజీవి తేనెటీగల్లో రాణి, కూలి ఈగల వ్యవస్థ ఉండదు. ప్రతి ఆడ ఈగ తన గూటిని తానే కట్టి, పిల్లలకు పుప్పొడి సమకూరుస్తుంది.

చిక్కుడు కుటుంబంలోని జాక్సోనియా పొదలే దీనికి ఆహార వనరు. దీని పంపిణీ కూడా ఇరుకే. 2022 నాటికి ఏడు చోట్లే నమోదైంది. మొదట కనిపించిన చోట మళ్లీ దొరకలేదు. పెర్త్ పరిసరాల సర్వేలో ఇళ్ల తోటల్లో ఒక్కటీ కనిపించలేదు. మిగిలిన సహజ పొదలభూముల్లో అయిదింటిలో మాత్రమే దొరికింది.