మచిలీపట్నం (బందరు)

మచిలీపట్నం బంగాళాఖాతం ఒడ్డున కృష్ణా డెల్టాలో ఉన్న పాత రేవుపట్నం, ఆంధ్రప్రదేశ్‌లోని కృష్ణా జిల్లా కేంద్రం. జనం నోట ఇది ఎప్పుడూ బందరే. 2011 లెక్కల ప్రకారం జనాభా సుమారు 1.7 లక్షలు. 1866లో పురపాలక సంఘంగా ఏర్పడి, 2015లో నగరపాలక సంస్థ అయింది. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి ఇదే ప్రధాన ఓడరేవు. హైదరాబాదు నుంచి దేశాంతరం వెళ్లే సరుకు చాలావరకు ఇక్కడే ఓడెక్కేది.

ఆ బంధం గుర్తు ఇప్పటికీ రోడ్డు మీద కనిపిస్తుంది. సైబరాబాద్ ఐటీ ఉద్యోగులు రోజూ ట్రాఫిక్‌లో చిక్కుకునే మియాపూర్, కూకట్‌పల్లి దారి 65వ నంబరు జాతీయ రహదారిలో భాగం. పుణెలో మొదలయ్యే ఆ రహదారి హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడ దాటి బందరులో ముగుస్తుంది. విజయవాడలో మహాత్మాగాంధీ రోడ్డును పాతవాళ్లు నేటికీ బందరు రోడ్డు అనే అంటారు.

పేరు

‘బందరు’ పారశీక పదం, రేవు అని అర్థం. ‘మచిలీ’ అంటే చేప. పూర్వం ఊరి ద్వారానికి పెద్ద చేప కళ్లు అలంకరించి ఉండేవని, అందుకే ఈ పేరు వచ్చిందని స్థానికంగా చెప్పుకుంటారు. అయితే పేరులోని మొదటి భాగం అంతకంటే పాతది కావచ్చు. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథం ‘పెరిప్లస్’ ఈ తీరాన్ని మసాలియా అని పిలిచి, ఇక్కడ సన్నబట్ట విస్తారంగా తయారవుతుందని రాసింది. 2వ శతాబ్దంలో టాలెమీ మైసోలియా అన్నాడు. ఇంగ్లీషువాళ్ల రాతల్లో ఇది మసూలిపటం, మసూలా.

భౌగోళికం

ఊరు సముద్రానికి కొన్ని కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. చుట్టూ కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రు నేల. ఎక్కడా కొండ లేదు, గుట్ట లేదు. వరిచేలు, చేపల చెరువులు, ఉప్పునీటి కాలువలు, తీరం వెంబడి మడ అడవులు. దక్షిణాన కృష్ణ రెండు పాయలుగా చీలి దివిసీమను చుట్టుకుని సముద్రంలో కలుస్తుంది.

బందరు కథంతా ఈ ఒండ్రుతోనే ముడిపడి ఉంది. పంటకు ప్రాణమైన మట్టే రేవుకు శాపమైంది. తీరంలో నీటి లోతు తక్కువ కావడంతో పెద్ద ఓడలు కొన్ని మైళ్ల దూరంలోనే లంగరు వేసేవి. సరుకునూ మనుషులనూ పడవల్లో చేరవేసేవారు. అలల తాకిడికి మేకులు కొట్టిన చెక్క పగిలిపోతుంది కాబట్టి, పలకలను కొబ్బరి తాడుతో కుట్టిన పడవలు వాడేవారు. కోరమండల్ తీరమంతటా అలాంటి వాటిని మసూలా పడవలు అన్నారు. చిన్న ఓడల కాలంలో ఈ ఏర్పాటు సరిపోయింది. ఓడలు పెద్దవయ్యేకొద్దీ, సముద్రంలోకి వెళ్లే కాలువ ముఖం పూడుకుపోయేకొద్దీ రేవు వెనకబడింది.

గోల్కొండ రేవు

కాకతీయుల కాలంలో ఈ తీరానికి పెద్ద రేవు మోటుపల్లి. విదేశీ వర్తకులకు రక్షణ కల్పిస్తూ గణపతిదేవుడు 1244లో అక్కడ అభయ శాసనం వేయించాడు. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల నాటికి ఆ ప్రాధాన్యం బందరుకు మారింది. వజ్రాలు, ఉక్కు, నీలిమందు, అన్నిటికంటే ఎక్కువగా అద్దకం బట్టలు ఇక్కడి నుంచి పెగూ, అచే, పర్షియా, ఎర్రసముద్రపు రేవులకు వెళ్లేవి. పారశీక వర్తకులు చాలామంది ఇక్కడ స్థిరపడ్డారు. వారిలో ఒకడైన మీర్ మహమ్మద్ సయీద్ బందరు పాలనాధికారిగా పనిచేసి, తర్వాత మీర్ జుమ్లాగా గోల్కొండ రాజకీయాలను శాసించాడు.

ఐరోపా కంపెనీలు వరసగా ఇక్కడికి చేరాయి. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. 1630ల్లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చిన వర్తక హక్కుల పత్రం చరిత్రలో ‘బంగారు ఫర్మానా’గా నిలిచింది. ఇప్పటి చెన్నైకి పునాది వేసిన కంపెనీ అధికారుల్లో ఒకడైన ఆండ్రూ కోగన్ అప్పటికి బందరు స్థావరం పెద్ద. 1641లో కంపెనీ తన ముఖ్య కేంద్రాన్ని ఇక్కడి నుంచి చెన్నైలోని సెయింట్ జార్జి కోటకు మార్చుకుంది. పేటల పేర్లలో ఆ పోటీ ఇంకా బతికే ఉంది. ఇంగ్లీషుపాలెం ఎవరిదో పేరే చెబుతుంది. వలందపాలెం ఒలందుల పాలెం, అంటే హాలెండువారిది. పరాసుపేట ఫ్రెంచివారిది.

1687లో ఔరంగజేబు గోల్కొండను గెలవడంతో బందరు మొగలుల చేతికి వచ్చింది. 1750లో ఫ్రెంచివారు పట్టణాన్ని ఆక్రమించారు. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ నాయకత్వంలో ఇంగ్లీషు సేన ఇక్కడి ఫ్రెంచి కోట మీద దాడి చేసింది. ఒక పక్క ఉన్న బురదనేల దాటరానిదని ఫ్రెంచివారి ధీమా. రాత్రివేళ ఒక దళం ఆ బురదలోంచే నడిచి కోటవారి దృష్టి మళ్లించగా, అసలు సేన మరో వైపు నుంచి లోపలికి చొరబడింది. ఆ ఓటమితో ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి ప్రాబల్యం ముగిసింది. అయినా పట్టణంలో ఫ్రెంచివారికి మిగిలిన కొద్దిపాటి స్థలం 1947 అక్టోబరులో గాని స్వతంత్ర భారతదేశానికి దక్కలేదు.

ఉప్పెనలు

1864 నవంబరు 1 రాత్రి తుపానుతో పాటు సముద్రం మామూలు మట్టం కంటే సుమారు 13 అడుగులు పైకి లేచి ఊరి మీద పడింది. 30 వేల మంది చనిపోయారని అంచనా. ఆ తర్వాత ఇక్కడి సైనిక స్థావరాన్ని ఎత్తివేశారు. అప్పటికే లాంకషైర్ మిల్లుబట్ట దెబ్బకు కుంగిన అద్దకం వర్తకం, ఈ దెబ్బతో మరింత చితికిపోయింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10 వేల మంది ప్రాణాలు కోల్పోయినట్టు ప్రభుత్వ లెక్క. ఈ తీరంలో నేటికీ ‘ఉప్పెన’ అంటే ఆ సంవత్సరమే. తుపానుల కదలికను పసిగట్టేందుకు వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ బందరులో పనిచేస్తోంది.

జాతీయోద్యమ కేంద్రం

రేవు చల్లబడ్డాక బందరు చదువులకూ పత్రికలకూ కేంద్రమైంది. 1843లో రాబర్ట్ నోబుల్ స్థాపించిన పాఠశాల తర్వాత నోబుల్ కాలేజీ అయింది. 1902లో కృష్ణాపత్రిక మొదలైంది, ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో తెలుగునాట పెద్ద గొంతుకైంది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య ఈ కళాశాలలోనే పాఠాలు చెప్పాడు. 1921లో విజయవాడ కాంగ్రెస్ సమావేశాల్లో ఆయన గాంధీజీకి జాతీయ జెండా నమూనా అందించాడు. పట్టాభి 1923లో ఇక్కడ స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. సైన్యానికి రాత్రివేళ చూపునిచ్చే పరికరాలు ఇప్పుడు ఆ కర్మాగారంలో తయారవుతాయి.

చేతిపనులు, రుచులు

బందరు కలంకారీ నిజానికి ఊళ్లో కంటే పక్కనున్న పెడనలోనే ఎక్కువగా జరుగుతుంది. శ్రీకాళహస్తి పనివారు కలంతో దేవతామూర్తులను గీస్తే, ఇక్కడ టేకు చెక్కలో చెక్కిన అచ్చులతో పూలు, లతలు అద్దుతారు. నమూనాల్లో పర్షియా ప్రభావం స్పష్టం. ముందుగా బట్టను ఉతికి గంజి పోగొట్టి, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరవేస్తే వచ్చే ద్రవం కరక్కాయ పట్టిన బట్టకు తగలగానే నల్లగా మారుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక కలిపిన జిగురు అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు కనబడదు. పారే కాలువ నీళ్లలో జాడించి, రంగు చెక్కలు, ఆకులు వేసిన రాగి కాగులో ఉడికించినప్పుడే పటిక పడ్డ మేరకు ఎర్రదనం తేలుతుంది. పూర్వం ఈ ఎరుపును తీరపు ఇసుకనేలల్లో పెరిగే చిరివేరు నుంచి తీసేవారు. కాలువలో నీళ్లు, ఆకాశంలో ఎండ లేకపోతే పెడనలో పని ఆగిపోతుంది.

ఊరి శివారు చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు పెట్టింది పేరు. ‘చిలకలపూడి బంగారం’ అంటే బంగారం కాదని తెలుగువాళ్లందరికీ తెలుసు. ఇక తొక్కుడు లడ్డు. శనగపిండిని కారప్పూసలా నేతిలో వేయించి, రోట్లో మెత్తగా దంచి, జల్లెడ పట్టి, బెల్లం పాకంలో కలిపి మళ్లీ దంచుతారు. తింటుంటే బూందీ పలుకు తగలదు, నోట్లో కరిగిపోతుంది. ఈ విద్యను ఉత్తరాది నుంచి వలస వచ్చిన బొందిలి కుటుంబాలు తెచ్చాయంటారు. కలంకారీకీ లడ్డుకూ రెంటికీ భౌగోళిక గుర్తింపు ఉంది.

చూడదగ్గవి

మంగినపూడి బీచ్ ఊరికి సుమారు 11 కిలోమీటర్లు. విశాఖలో లాగా బంగారు ఇసుక ఉండదు, కాలి కింద నల్లటి ఒండ్రు తగులుతుంది. దగ్గర్లో దత్తాశ్రమం, దీపస్తంభం ఉన్నాయి. చిలకలపూడి పాండురంగస్వామి ఆలయాన్ని భక్త నరసింహం 1929లో కట్టించాడు. కార్తీక పౌర్ణమికి ఇక్కడ దర్శనం చేసుకుని, మంగినపూడిలో సముద్ర స్నానం చేయడానికి జనం వేలాదిగా వస్తారు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న డచ్చి శ్మశానవాటికలో కుటుంబ చిహ్నాలు, పొడుచుకొచ్చినట్టుండే అక్షరాలు చెక్కిన 17వ శతాబ్దపు సమాధి ఫలకాలు కనిపిస్తాయి. బందరుకోటలో పాత గిడ్డంగుల శిథిలాలు మిగిలాయి. గిలకలదిండిలో చేపల రేవు ఉంది.

దూరం వెళ్లగలిగితే, బౌద్ధ స్తూపం, ప్రదర్శనశాల ఉన్న ఘంటసాల, నాట్యానికి పేరొందిన కూచిపూడి, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గరున్న హంసలదీవి చూడవచ్చు. కూచిపూడిని అక్కడి నాట్యకారులకు అగ్రహారంగా ఇచ్చింది గోల్కొండ చివరి సుల్తాను తానీషా అని చెబుతారు.

కొత్త ఓడరేవు

మంగినపూడి పరిసరాల్లో లోతైన ఓడరేవు కోసం దశాబ్దాలుగా ప్రయత్నాలు సాగాయి, శంకుస్థాపనలు ఒకటికి రెండుసార్లు జరిగాయి. 2023లో పనులు మొదలయ్యాయి. అలలను ఆపే రాతిగోడలు కట్టి, ఓడలు ఒడ్డుదాకా రావడానికి సముద్రంలో కాలువ తవ్వడం ఈ నిర్మాణంలో ప్రధాన భాగం. గోల్కొండ నాటి రేవుకు లేనిది ఆ లోతే.

ప్రయాణం

హైదరాబాదు నుంచి బందరుకు రోడ్డు మార్గాన సుమారు 340 కిలోమీటర్లు, విజయవాడ నుంచి 70. సికింద్రాబాద్ మీదుగా రైలు ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉన్నా, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం కాబట్టి వాతావరణ సూచన చూసుకునే బయలుదేరాలి. పెడనలో అద్దకం ఎండను బట్టి నడుస్తుంది, అక్కడికి పొద్దున్నే చేరుకోవాలి. సాయంత్రం మంగినపూడికి ఉంచుకోవచ్చు. బీచ్ ఒక్కటే చూసి తిరిగి వెళ్లినవారు బందరు చూసినట్టు కాదు.