వాల్యూమ్ తగ్గిస్తే పాట చెడుతుందా?

ఫైబర్‌నెట్ బాక్సుకొక వాల్యూమ్, టీవీకొకటి, హోమ్ థియేటర్‌కు ఇంకొకటి. చౌడేపల్లెలోనో పుంగనూరులోనో మామూలు హాల్లో ఘంటసాల పాట పెట్టినా ఈ మూడింటినీ దాటే రావాలి. కాస్త సరదా ఉన్నవాళ్లు రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్‌తో సొంతంగా స్ట్రీమర్ కట్టుకుని, ఫోన్‌లోనే సౌండు పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటారు. వాళ్లను ఎప్పట్నుంచో పీడిస్తున్న అనుమానం ఒకటుంది: డిజిటల్‌గా సౌండు తగ్గిస్తే బిట్లు పోతాయని, పాట పలచబడుతుందని. అందులో నిజం లేకపోలేదు. ఎంత అన్నదే తేలాలి.

డిజిటల్ పాట అంటే అంకెల వరస. సౌండు తగ్గించడమంటే ప్రతి అంకెనూ ఒకటికన్నా చిన్న సంఖ్యతో గుణించడం. సుమారు 6 డెసిబెల్స్ తగ్గించిన ప్రతిసారీ ఒక బిట్టు ఖర్చవుతుంది. 1982లో వచ్చిన సీడీది 16 బిట్ల లెక్క. అతిపెద్ద శబ్దానికీ అడుగున ఉండే రొదకూ మధ్య సిద్ధాంతం ప్రకారం 98 డెసిబెల్స్ దూరం. 24 బిట్లయితే 146. అయితే ఆ 146 కాగితం మీదే. గది వేడికి ప్రతి రెసిస్టరూ కొంత రొద పుట్టిస్తుంది కాబట్టి, అంకెల్ని శబ్ద సంకేతంగా మార్చే మంచి డాక్ చిప్పులు కూడా 120, 130 దగ్గరే ఆగిపోతాయి. 16 బిట్ల పాటను 24 బిట్ల దారిలో పంపితే కింద ఎనిమిది బిట్లు ఖాళీ. అంటే 48 డెసిబెల్స్ తగ్గించినా అంకెల లెక్కలో పాట మొత్తం అందులో ఇముడుతుంది.

మరి నష్టం ఎక్కడ? డిజిటల్ వాల్యూమ్ పాటను కిందికి దించుతుంది గానీ, దాని తర్వాత వచ్చే డాక్, ఆంప్లిఫయర్ల రొదను దించదు. 16 బిట్లకే కుదించి పంపే పరికరం అనుకుందాం. ఫుల్ వాల్యూమ్‌లో కుర్చీ దగ్గర 90 డెసిబెల్స్ వినిపించేలా ఆంప్లిఫయర్ ఉంటే, అడుగు రొద సున్నా కన్నా 8 కింద పడుతుంది. అది చెవికి అందదు. అదే ఊరంతా వినేలా 115 డెసిబెల్స్ దాకా వెళ్లే ఆంప్లిఫయర్‌ను ఇంట్లో పెట్టుకుని, స్ట్రీమర్‌లో 50 తగ్గించి 65 దగ్గర వింటే? పాట మెల్లగానే ఉంటుంది, రొద మాత్రం 17 దగ్గర కూర్చుంటుంది. ఫ్యాన్ తిరుగుతుంటే తెలియదు. కరెంటు పోయి, ఇన్వర్టర్ మీద స్ట్రీమర్, ఆంప్లిఫయర్ మాత్రమే నడుస్తున్న రాత్రి ఆ సన్నని బుస చెవిన పడే అవకాశం ఉంది. ఇక్కడ తప్పు వాల్యూమ్‌ది కాదు, అవసరానికి మించిన ఆంప్లిఫయర్‌ది.

ఇంకో చిక్కు, మిగిలిన బిట్లను కత్తిరించే తీరు. కత్తిరించే ముందు డిథర్ అనే అతి సన్నని రొదను కలిపితే తేడా నిలకడైన బుసగా మిగిలిపోతుంది. కలపకుండా కోస్తే అది పాటతో ముడిపడిన వికారమవుతుంది. వీణ తీగ మీటాక నాదం సన్నగిల్లి ఆగేచోట, ఆ చివరి క్షణాల్లో వెతకాలి దాన్ని. సినిమా పాటలో వెతికితే దొరకదు.

వినికిడి పరీక్షలు ఏమంటున్నాయి? 2007లో మేయర్, మోరన్ అనే పరిశోధకులు అమెరికాలో అధిక నాణ్యత డిస్కుల శబ్దాన్ని సీడీ స్థాయికి కుదించి, రెండింటికీ తేడా చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో సరిగ్గా చెప్పినవి 276, అంటే బొమ్మా బొరుసే. సౌండు విపరీతంగా పెంచినప్పుడు మాత్రం అడుగు రొద వినబడింది. 2016లో జాషువా రీస్ 18 ప్రయోగాలను కలిపి లెక్కగడితే సరైన జవాబులు 52.3 శాతం, శిక్షణ పొందిన చెవులకు ఇంకాస్త ఎక్కువ. ఇవి నేరుగా వాల్యూమ్ మీద చేసిన పరీక్షలు కావు. కాబట్టి తేడా అసలే ఉండదని వీటితో తీర్పు చెప్పలేం, ఉన్నా చాలా చిన్నదని మాత్రం అనుకోవచ్చు.

తక్కువ సౌండులో పాట పలచగా ఉందనేవాళ్లు అబద్ధమాడటం లేదు. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి మంద్రస్వరాలు త్వరగా అందకుండా పోతాయని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. మృదంగం ఎడమవైపు గంభీర నాదం తగ్గితే, నింద బిట్ల మీద పడుతోంది. పాత పాటల్లోనైతే 78 ఆర్‌పీఎం రికార్డు గరగర 16 బిట్ల రొద కన్నా ఎంతో పైన ఉంటుంది.

ఇంతకీ తిప్పే పాత వాల్యూమ్ కూడా పరిశుద్ధం కాదు. దుమ్ము పడితే గరగరమంటుంది. బాగా కిందికి తిప్పితే ఒక స్పీకర్ ముందే తగ్గి, గాయకుడు పక్కకు జరిగినట్టుంటుంది.

కాబట్టి బాక్సు, టీవీ వాల్యూములు పైన ఉంచి ఆంప్లిఫయర్ దగ్గర తగ్గించుకోండి; ఆపైన చిన్నచిన్న సర్దుబాట్లు ఫోన్‌లో చేసుకున్నా ఫరవాలేదు. బుస వినిపిస్తే ఆంప్లిఫయర్‌ను ఏమీ తగిలించని ఇన్‌పుట్‌కు మార్చి చూడండి. అప్పుడూ అంతే ఉంటే అది ఆంప్లిఫయర్‌దే. వేరే వాల్యూమ్ లేని ఆంప్లిఫయర్‌తో స్ట్రీమర్‌నే నమ్ముకున్నవాళ్లు యాప్‌లో గరిష్ఠ పరిమితి తప్పక పెట్టుకోవాలి. సాఫ్ట్‌వేర్ మళ్లీ మొదలై వాల్యూమ్ ఒక్కసారిగా నూరు శాతానికి వెళ్తే స్పీకర్‌లోని ట్వీటర్ కాలిపోవచ్చు.