క్వార్టర్‌బ్యాక్‌ను వేటాడిన వ్యూహాలు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో మైదానంలో ఒక్కో పక్షానికి 11 మంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు జరగాలి. జరగలేకపోతే బంతి అవతలివాళ్లకు పోతుంది. దాడిని నడిపేది క్వార్టర్‌బ్యాక్. బంతి చేతికందాక ఎవరికి విసరాలో తేల్చుకోవడానికి అతనికి చిక్కేది రెండు మూడు సెకన్లు. ఆ కాస్త వ్యవధిని కూడా మిగలనివ్వకూడదన్నదే దూకుడు రక్షణ వ్యూహాలన్నిటి లక్ష్యం. డెబ్బై ఏళ్లలో ఆ లక్ష్యం మారలేదు, దాన్ని సాధించే తీరు మారింది. మొదట రక్షకులు ఎక్కువమందిని మీదికి పంపారు. తర్వాత, ఎవరు వస్తున్నారో తెలియనివ్వకపోవడం నేర్చుకున్నారు.

బంతిని ముందుకు విసరడం 1906లోనే చట్టబద్ధమైనా, చాలాకాలం ఆట ప్రధానంగా పరుగు మీదే నడిచింది. అందుకే రక్షకులు ఆరేడుగురు ముందు వరుసలోనే మోహరించేవారు. 1950లో న్యూయార్క్ జెయింట్స్ కోచ్ స్టీవ్ ఓవెన్, విసురుడులో ఆరితేరిన క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ను ఆపడానికి, ముందు వరుస చివర్లలోని ఆటగాళ్లను అవసరాన్నిబట్టి వెనక్కి జరిపాడు. బ్రౌన్స్‌కు ఒక్క పాయింటూ దక్కలేదు; జెయింట్స్ 6-0తో గెలిచింది. ఆ రోజు జెయింట్స్ వెనక వరుసలో ఆడిన టామ్ లాండ్రీ తర్వాత అదే జట్టుకు రక్షణ శిక్షకుడై, ముందు నలుగురు, వారి వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు ఉండే 4-3 అమరికకు పదును పెట్టాడు.

నిజమైన దూకుడు 1960లలో మొదలైంది. సెయింట్ లూయిస్ కార్డినల్స్ రక్షణ శిక్షకుడు చక్ డ్రూలిస్, అందరికంటే వెనక కాపలా ఉండాల్సిన సేఫ్టీ లారీ విల్సన్‌ను నేరుగా క్వార్టర్‌బ్యాక్ మీదికి పంపాడు. అంత వెనకనుంచి మనిషి దూసుకొస్తాడని దాడి జట్లు లెక్కలోకి తీసుకోలేదు. అదనపు మనుషులను ఇలా పంపడమే బ్లిట్జ్. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ దారి వేరు. 1970లలో జో గ్రీన్ వంటి ముందు వరుస వీరుల బలంతో, పెద్దగా బ్లిట్జ్ అవసరం లేకుండానే ఆ జట్టు లీగ్ తుదిపోరైన సూపర్ బౌల్‌ను నాలుగుసార్లు గెలిచింది. 1978లో లీగ్ నిబంధనలు మార్చి, బంతి అందుకునేవారిని ఐదు గజాలు దాటాక తాకకూడదని కట్టడి చేసింది. వెనక కాపలా కష్టమయ్యేసరికి, విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం మరింత అవసరమైంది.

ఆ అవసరానికి అత్యంత తీవ్రమైన జవాబు షికాగోలో దొరికింది. కొరియా యుద్ధంలో పనిచేసిన బడ్డీ రయాన్ 1968లో న్యూయార్క్ జెట్స్ శిక్షకుల్లో ఒకడు. మోకాళ్లు దెబ్బతిన్న క్వార్టర్‌బ్యాక్ జో నేమత్‌ను కాపాడుకోవడానికి ప్రధాన కోచ్ వీబ్ యూబ్యాంక్ పడే తాపత్రయాన్ని దగ్గరగా చూశాడు. ప్రత్యర్థి అంతగా కాపాడుకునేదాన్నే కొట్టాలని తేల్చుకున్నాడు. 1978లో షికాగో బేర్స్‌కు వచ్చాక ఆ ఆలోచనే ‘46’ వ్యూహమైంది. ఆ అంకె సేఫ్టీ డగ్ ప్లాంక్ చొక్కా నంబరు.

దాడి వరుస నడుమ ఉండే ముగ్గురికీ ఎదురుగా ముగ్గురు రక్షకులను నిలపడం ఇందులో కీలకం. దాంతో ఆ ముగ్గురిలో ఎవరూ పక్కవాడికి సాయం వెళ్లలేరు. ఇద్దరు లైన్‌బ్యాకర్లు ఒకే వైపు చేరతారు, ఒక సేఫ్టీ కూడా ముందుకు వస్తాడు. బంతి దగ్గర పోగైన ఎనిమిది మందిలో ఎందరు దూకుతారో తెలియదు. 1985లో బేర్స్ 16 మ్యాచ్‌లలో 15 గెలిచి, మొత్తం మీద 198 పాయింట్లే ఇచ్చింది. ప్లేఆఫ్‌లలో జెయింట్స్‌కు, రామ్స్‌కు సున్నాయే మిగిల్చింది. 1986 జనవరి 26న న్యూ ఓర్లీన్స్‌లో సూపర్ బౌల్‌ను 46-10తో గెలిచింది. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ పరుగుతో సంపాదించింది ఏడంటే ఏడు గజాలు.

ఆ ఏడాది బేర్స్‌ను ఓడించింది మయామి ఒక్కటే. కోచ్ డాన్ షూలా బంతి అందుకునేవారిని ముగ్గురిని దింపాడు. మూడోవాడి వెంట పరుగెత్తడం లైన్‌బ్యాకర్లకూ సేఫ్టీలకూ తలకు మించిన పనైంది, డాన్ మరీనో చకచకా విసిరాడు. ఎనిమిది మంది ముందుంటే వెనక మిగిలేది ముగ్గురే. ఆ బలహీనతను ఇతర జట్లూ పట్టుకున్నాయి. బిల్ వాల్ష్ ప్రాచుర్యంలోకి తెచ్చిన పొట్టి, వేగపు విసుళ్లు బ్లిట్జ్‌కు మందయ్యాయి. ఈ వ్యూహాల చరిత్ర చెప్పేటప్పుడు దాటవేయకూడని మాట మరొకటుంది. బేర్స్ సేఫ్టీగా క్వార్టర్‌బ్యాక్‌ల మీదికి దూకిన డేవ్ డ్యూర్సన్ 2011లో ఆత్మహత్య చేసుకున్నాడు. అతని కోరిక మేరకు మెదడును పరీక్షించిన పరిశోధకులు, తలకు పదేపదే తగిలే దెబ్బలతో ముడిపడిన సీటీఈ అనే క్షీణతను గుర్తించారు.

తర్వాతి మలుపు డిక్ లెబో తెచ్చాడు. డెట్రాయిట్ లయన్స్‌కు 14 సీజన్లు ఆడి, 62 సార్లు ప్రత్యర్థి విసిరిన బంతిని మధ్యలో అందుకున్న ఈయన, 1980లలో సిన్సినాటి బెంగాల్స్ రక్షణ శిక్షకుడు. బ్లిట్జ్ చేసినవాడు ఖాళీ చేసిన చోటికే క్వార్టర్‌బ్యాక్‌లు బంతి విసురుతున్నారని గమనించాడు. వెనకనుంచి ఒకడిని దూకించి, ముందు వరుసలోని భారీ ఆటగాడిని ఆ ఖాళీలోకి జరిపాడు. మీదికొచ్చేవారు ఐదుగురే, వెనక ఆరుగురూ పదిలం. మయామి శిక్షకుడు బిల్ ఆర్న్స్‌పార్గర్ అంతకుముందు చేసిన ప్రయోగాలు ఇందుకు ఆధారం. జోన్ బ్లిట్జ్‌గా పేరుపడ్డ ఈ పద్ధతి 1990లలో పిట్స్‌బర్గ్‌లో వర్ధిల్లింది. రయాన్ పద్ధతిలోని జూదం ఇందులో చాలా తక్కువ. ఆట మీద నిలిచిన ప్రభావం చూస్తే రెంటిలో ఇదే గొప్పదనాలి.

2009 ఫిబ్రవరి 1న సూపర్ బౌల్‌లో ఆ ఆలోచన ఆటగాళ్లలో ఎంత ఇంకిపోయిందో కనబడింది. మొదటి సగం ముగియబోతోంది. అరిజోనా కార్డినల్స్ స్టీలర్స్ గీతకు గజం దూరంలో ఉంది. లైన్‌బ్యాకర్ జేమ్స్ హారిసన్ పని ముందుకు దూకడం. అతను దూకినట్టు నటించి, తనంతట తానే వెనక్కి తగ్గి, కర్ట్ వార్నర్ విసిరిన బంతిని అందుకుని 100 గజాలు పరుగెత్తాడు. స్టీలర్స్ 27-23తో గెలిచింది.

అంతకు ఏడాది ముందు న్యూయార్క్ జెయింట్స్ కూడా, అప్పటిదాకా ఓటమి ఎరగని పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీని ఐదుసార్లు పడగొట్టి 17-14తో కప్పు ఎగరేసుకుపోయింది. ఆ రక్షణను తీర్చిన స్టీవ్ స్పాన్యోలో, ఫిలడెల్ఫియా ఈగిల్స్‌లో బ్లిట్జ్‌లకు పేరుమోసిన జిమ్ జాన్సన్ దగ్గర పని నేర్చినవాడు.

ఇప్పటి జట్లు ఆరేడుగురిని ముందు నిలిపి, చివరికి నలుగురినే పంపుతుంటాయి. ఆ నలుగురిలో ఒకడు వెనకనుంచి రావచ్చు, ముందున్న బలశాలి వెనక్కి తగ్గవచ్చు. 2023లో మిన్నెసోటా వైకింగ్స్ రక్షణను నడిపిన బ్రయాన్ ఫ్లోరెస్ ఒక ఆటకు ఆరుగురిని, మరో ఆటకు ముగ్గురినే పంపి క్వార్టర్‌బ్యాక్‌లను తికమకపెట్టాడు. ఇంత మార్పును మైదానంలోకి చేరవేసేది హెల్మెట్‌లోని రేడియో. దాడి పక్షానికి 1994లో వచ్చిన ఈ సదుపాయం, రక్షకుల్లో ఒకరికి 2008లో దక్కింది. ఒక్కో ఆట మొదలుపెట్టడానికి గడువు చూపే గడియారంలో 15 సెకన్లు మిగిలి ఉండగా రేడియో ఆగిపోతుంది. ఆ తర్వాత చేసే మార్పులన్నీ మైదానంలోని ఆటగాళ్లు సైగలతో, కేకలతో సర్దుకోవాల్సిందే.