తాకేటాలో పంచిన బెల్లం

రంగం వచ్చిన మనవాళ్ళ కథ ఎక్కడ మొదలుపెట్టినా బరువుల దగ్గరికే వస్తుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఓడలెక్కి వచ్చిన మా తాతలు ఇక్కడి రేవులో బియ్యం బస్తాలు మోశారు. కోరంగి రేవు పేరు మీద మమ్మల్ని కోరంగీలన్నారు. 1930 మే నెలలో రేవు పని గురించి జరిగిన అల్లర్లలో మనవాళ్ళు ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాను బాంబులకు బెదిరి వేలమంది కాలినడకన వెళ్ళిపోయారు. 1960 దశకంలో మరెందరో ఓడలెక్కి ఇండియాకు తిరిగిపోయారు. మిగిలిపోయిన వాళ్ళలో మేమూ ఉన్నాం. 1959లో నే విన్ ఆపద్ధర్మ ప్రభుత్వం నగరం మధ్యలోని గుడిసెలు తీయించి, పజుండాంగ్ కాలవకు ఇవతల తాకేటా అనే కొత్త పేట వేసినప్పుడు మా నాన్న ఇక్కడికొచ్చి ఇల్లు కట్టుకున్నాడు.

అలాంటి మాకు 2000 సెప్టెంబరులో, బరువులెత్తడంలోనే ఒక మనిషికి ఒలింపిక్ పతకం వచ్చిందని తెలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. అదీ ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయికి! సిడ్నీలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. బంగారు, వెండి పతకాల వాళ్ళు ఎత్తింది చెరి 242.5 కిలోలు. రెండున్నర కిలోల తేడా. ఆ రోజు మా వీధిలో బెల్లం ముక్కలు పంచాను. పక్కింటి బర్మా ఆవిడ ఎందుకని అడిగితే, "మా జిల్లా పిల్ల" అన్నాను. ఆ జిల్లా నేను ఎన్నడూ చూడలేదు.

అదే సిడ్నీలో ముగ్గురు బల్గేరియా లిఫ్టర్ల పతకాలు ఊడబెరికారని కూడా విన్నాం. ఒంట్లో నీటిని బయటికి తోసేసే ఫ్యూరోసెమైడ్ అనే మందు దొరికిందట. బరువు తగ్గడానికీ, వేరే మందుల జాడ పలచబడడానికీ అది వాడతారు. ఎవరి గొడవో మనకెందుకులే అనుకున్నాం.

నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ గొడవ మా ఇంటికే వచ్చింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 48 కిలోల విభాగంలో నాలుగో స్థానంలో నిలిచిన మయన్మార్ అమ్మాయి నాన్ ఎ ఖైన్ ఉత్ప్రేరకాల పరీక్షలో పట్టుబడింది. ఆమె పేరు తీసేస్తే ఆ స్థానంలోకి జరిగింది ఇండియా లిఫ్టర్ కుంజరాణీ దేవి. ఆ కుంజరాణి 2001లో స్ట్రిక్నిన్ దొరికి ఆరు నెలల నిషేధం అనుభవించిన మనిషే. అవే పోటీల్లో ఇండియా నుంచి సనమాచా చాను, ప్రతిమా కుమారి కూడా పట్టుబడ్డారు. పుట్టిన దేశం, తాతల దేశం రెండూ ఒకేసారి తల దించుకున్నాయి. టీ కొట్లో బర్మావాళ్ళూ మేమూ ఒకళ్ళనొకళ్ళు ఏమీ అనలేకపోయాం. చివరికి అందరం కలిసి ఆ ఆటనే తిట్టుకున్నాం.

ఇప్పుడు చెప్పాల్సిన మాట చెబుతాను. మా వీధి చివర మనవాళ్ళ కుర్రాడొకడు ఉండేవాడు. ఇనుప గొట్టానికి రెండు వైపులా నూనె డబ్బాలు తగిలించి, వాటిలో సిమెంటు పోసి, తెల్లవారకముందే కాలవ గట్టున ఎత్తేవాడు. మల్లీశ్వరి పతకం నాడు నా చేతి బెల్లం తిన్నవాడే. ఏథెన్స్ కబురు వచ్చిన వారంలో, నలుగురిలో వాణ్ణి ఆపి, "ఏరా, నువ్వే మందు పుచ్చుకుంటున్నావురా?" అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. కొన్ని వారాలకు గట్టున కనిపించడం మానేశాడు. ఇంట్లో ఇబ్బందులు కూడా ఉన్నాయి, నా మాట వల్లే మానేశాడని చెప్పలేను. కానీ వాడికి ఒంటినిండా పట్టడానికి తిండే లేదని తెలిసి కూడా నేను ఆ మాట అన్నాను.

ఈ సంగతి ఒకసారి ఫోన్‌లో న్యూజెర్సీలో ఉన్న మా అక్క కొడుకుతో అంటే, "మావయ్యా, ఇక్కడ బేస్‌బాల్‌దీ ఇదే కథ" అన్నాడు. అమెరికాలో ఉన్న పాఠకులకు ఆ ఆట గురించి నేను చెప్పబోవడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. 1998లో మెగ్వైర్ 70, సోసా 66 హోమ్ రన్లు కొడుతుంటే దేశమంతా పండగ చేసుకుంది. 2001లో బారీ బాండ్స్ 73 కొట్టాడు. 2007 డిసెంబరులో మిచెల్ నివేదిక వచ్చింది. బాండ్స్ మొత్తం 762 హోమ్ రన్ల వాడైనా, 2013 నుంచి 2022 దాకా పదిసార్లు ఓట్లు వేసి కూడా పాత్రికేయులు అతన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి రానివ్వలేదు. "మావాడు రికార్డుల పుస్తకం తెచ్చి, ఇందులో ఏది నిజం నాన్నా అని అడుగుతాడు. ఏం చెప్పను?" అన్నాడు మా మేనల్లుడు. ఆ ఆటలో డొమినికన్ రిపబ్లిక్ లాంటి బీద దేశాల పిల్లలతో పదహారేళ్ళకే ఒప్పందాలు కుదుర్చుకుంటారు. ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్న పిల్లవాడి చేతికి ఎవరో సూది ఇస్తే, వద్దనే ధైర్యం ఆ వయసులో ఎంతమందికి ఉంటుంది?

మందు పుచ్చుకున్నవాడికి పడే శిక్ష కొన్నాళ్ళకు తీరిపోతుంది. పుచ్చుకోనివాళ్ళ శిక్షకే గడువు లేదు. 2008 బీజింగ్‌కు బయలుదేరబోతున్న మోనికా దేవిని పరీక్షలో తప్పిందని ఆపేశారు. తర్వాత నిర్దోషి అన్నారు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఇండియా నుంచి ఆ ఏడు ఒక్క లిఫ్టరూ పోటీ చేయలేదు. కెనడా లిఫ్టర్ క్రిస్టీన్ జిరార్డ్‌కు 2012 లండన్‌లో దక్కాల్సిన బంగారు పతకం 2018లో చేతికొచ్చింది. అప్పటికి ఆమె ఆట మానేసింది. టోక్యో ఒలింపిక్స్‌కు వచ్చేసరికి, 2008 నుంచి ఒక దేశంలో ఎంతమంది పట్టుబడ్డారో లెక్కగట్టి ఆ దేశానికి చోట్లు తగ్గించారు. 2008లో పలక పట్టిన పిల్ల కూడా పెద్దల లెక్క తీర్చాలన్నమాట.

2021లో ఆ టోక్యోలోనే మీరాబాయి చాను 202 కిలోలెత్తి వెండి పతకం తెచ్చింది. ఆ తర్వాత, బంగారు పతకం గెలిచిన చైనా అమ్మాయికి మళ్ళీ పరీక్ష చేస్తున్నారట, మనదే బంగారం అని ఫోన్లలో కబుర్లు. రెండు రోజులు నేనూ ఎదురుచూశాను. అది వట్టి మాటని తేలింది. మనపిల్ల గెలిచినదానికి సంతోషించకుండా, ఎదుటిపిల్ల పట్టుబడాలని కూర్చున్నానని తెలిసి నా మీద నాకే రోత పుట్టింది. బెల్లం పంచిన చెయ్యేనా ఇది అనుకున్నాను.

పరీక్షలు ఉండాల్సిందే. దొంగని పట్టుకోవాల్సిందే. కానీ ఆ పని పరీక్ష చేసేవాళ్ళది. వీధిలో చెమటోడుస్తున్న పిల్లవాణ్ణి చూసి నవ్వడం మన పని కాదు. మీ పిల్లలు ఏ ఆట ఆడుతున్నా ఈ ముసలాడి మాట ఒక్కటి గుర్తుంచుకోండి.

ఆ కుర్రాడికి ఇప్పుడు పెళ్ళీడు కూతురుంది. మొన్న సంక్రాంతికి వాళ్ళింటికెళ్తే ఆ ఇనుప గొట్టం పెరట్లో కనిపించింది. రెండు గుంజల మీద పెట్టి బట్టలు ఆరేసుకుంటున్నారు. ఇరవై ఏళ్ళనాటి నా మాట ఎత్తి, తప్పయిందిరా అన్నాను. "నాకు గుర్తు లేదు బాబాయ్" అన్నాడు. గుర్తున్నట్టే అనిపించింది. టీ తెమ్మని లోపలికి కేకేశాడు.