కొత్త టీచర్ ఏ పద్ధతిలో చెప్పాలి? మన సీమ బడుల 200 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ కొత్తగా డీఎస్సీ కొట్టి బడిలో చేరినవాళ్ల కోసం. చాలామంది ఒకటే ప్రశ్న అడుగుతున్నారు: "అన్నా, ట్రైనింగ్‌లో పది పద్ధతులు చెప్పినారు. తీరా క్లాసులోకి పోతే ఏది పట్టుకోవాలో తెలియడం లేదు" అని. ఆటపాటలా, గ్రూపులా, కార్డులా, లేకపోతే పాతకాలం లాగా గట్టిగా వల్లె వేయించడమా?

జవాబు చెప్పే ముందు నా కథ కొంచెం వినండి. నా మొదటి పోస్టింగ్ ఆదోని వైపు ఒక పల్లెలో. మూడో తరగతి, రిజిస్టర్‌లో 34 మంది. రంగు చార్టులు గీసినా, పాటలు నేర్చుకున్నా. దసరా వరకు బాగానే నడిచింది. నవంబరు వచ్చేసరికి బెంచీలు ఖాళీ అయిపోయినాయి. సుగ్గి మొదలైంది.

సుగ్గి అంటే మీలో కొంతమందికి తెలియకపోవచ్చు. కోసిగి, మంత్రాలయం, ఆలూరు, పత్తికొండ వైపు వానాధారం పంటలు అయిపోయినాక పని ఉండదు. కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోతారు. పిల్లలూ వెంట పోతారు. ఒకమ్మ నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "ఇంట్లో ముసలామె కూడా లేదు సార్, బుడ్డోన్ని యాడ ఇడిసిపెట్టేది?"

ఆ బుడ్డోడు మార్చిలో తిరిగొచ్చినాడు. పోయేటప్పుడు గుణింతాల దగ్గర ఉన్నాడు. నేను అప్పటికి తొమ్మిదో పాఠంలో ఉన్నా. ఒకరోజు చదవమని అడిగితే లేచి పాఠమంతా గడగడా చెప్పేసినాడు. చూస్తే వాడి వేలు వేరే పేజీలో ఉంది. పక్కవాళ్లు చదువుతుంటే విని నేర్చుకున్నాడన్నమాట. నా సిలబస్ పూర్తయింది, వాడి చదువు మాత్రం నవంబరులోనే ఆగిపోయింది. ఆ రోజు నుంచి నేను పాత పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టినా. మనకంటే ముందు ఇక్కడ ఎట్లా చెప్పినారు అని.

ఇప్పుడు 1822కి పోదాం. అప్పుడు మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో. ఈయన మన సీమకు కొత్తవాడు కాదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసినాక ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా 1807 వరకు పనిచేసినాడు. చివరికి 1827లో మన పత్తికొండలోనే కలరాతో చనిపోయినాడు. గవర్నరుగా ఉన్నప్పుడు, 1822 జూన్‌లో, ప్రతి జిల్లా కలెక్టరునూ ఒక లెక్క అడిగినాడు: మీ దగ్గర బడులెన్ని, పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు అని. మొత్తం ప్రెసిడెన్సీలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు లెక్క తేలినారు. కర్నూలు అప్పటికి నవాబుల కిందే ఉంది, 1839లో గానీ కంపెనీ చేతికి పోలేదు. కాబట్టి కర్నూలు లెక్క అందులో లేదు. కానీ ఆదోని అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉండేది, 1953 దాకా అక్కడే ఉంది.

బళ్లారి కలెక్టరు పేరు క్యాంప్‌బెల్. 1823 ఆగస్టులో ఆయన పంపిన రిపోర్టు చదివితే అప్పటి వీధి బడి కళ్ల ముందు కనిపిస్తుంది. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మందే. ఐదేళ్లకు బడిలో వేసేవాళ్లు. ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దాలి. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవాళ్లు. రెండో వాడికి సున్నా. మూడో వాడికి ఒక దెబ్బ, నాలుగో వాడికి రెండు. ఇట్లా లేటుగా వచ్చేకొద్దీ దెబ్బలు పెరుగుతాయి!

ఇందులో రెండు విషయాలు మనకు ముఖ్యం. మొదటిది, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పేవాళ్లు. ఒక్క అయ్యవారితోనే బడి నడిచేది. క్యాంప్‌బెల్ దీన్ని బాగా మెచ్చుకున్నాడు. చెప్పేవాడికి కూడా చదువు గట్టిపడుతుందని రాసినాడు. రెండోది, పిల్లలు పద్యాలకు పద్యాలు అప్పజెప్తారు కానీ అర్థం ఒక్క ముక్క తెలియదు, చిలకపలుకులే అని విమర్శించినాడు. నా క్లాసులో తప్పు పేజీ మీద వేలు పెట్టి పాఠం అప్పజెప్పిన పిల్లోడు గుర్తొచ్చినాడా? 200 ఏళ్లయినా సమస్య అదే.

ఇంకో మాట కూడా రాసినాడాయన. బడులు ఎందుకు తగ్గుతున్నాయంటే జనం పేదలైపోయినారు, చదువు ఖర్చు భరించలేక చిన్న పిల్లలను కూడా పనిలో పెడుతున్నారు అని. ఇంగ్లండు బట్టలు వచ్చి ఇక్కడి నేతపని దెబ్బతినడం కూడా దానికి ఒక కారణమన్నాడు. సుగ్గి అనే పేరు ఆ రిపోర్టులో లేదు, అంతే తేడా.

మరి ఈ పద్ధతి బయటికి పోయిందా? పోయింది, ఏకంగా లండన్ దాకా. ఆండ్రూ బెల్ అనే ఆయన 1789లో మద్రాసు ఎగ్మోరులో అనాథ బాలుర ఆశ్రమం చూసుకునేవాడు. ఒకరోజు ఒక నాటు బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి, తన బడిలోనూ పెట్టమన్నాడు. టీచర్లు ఒప్పుకోలేదు. దాంతో ఎనిమిదేళ్ల పిల్లోడికి ఆ పని అప్పజెప్పితే వాడు చేసి చూపించినాడు. 1797లో బెల్ దీని మీద పుస్తకం వేసినాడు. ఇంగ్లండులో దీనికి "మద్రాసు పద్ధతి" అనే పేరొచ్చింది. కానీ అక్కడ ఏమైంది? ఒక్క మాస్టరు, వందల మంది పిల్లలు, లైన్లు, గంటలు, ఆర్డర్లు. తక్కువ ఖర్చుతో బడి నడపడానికి అది ఒక మిషను లాగా తయారైంది. పద్ధతి పోయింది కానీ, అయ్యవారికి ప్రతి పిల్లోడూ తెలిసిన ఆ చిన్న బడి దాంతోపాటు పోలేదు.

ఇదే కాలంలో కడపకు ఒక కుర్ర ఉద్యోగి వచ్చినాడు. 1820లో. మీకు తెలిసిన సి.పి. బ్రౌనే. అక్కడ సొంత డబ్బుతో బంగళా కొన్నాడు, పండితులను పెట్టుకున్నాడు, 1821లో ఉచిత బడులు కూడా పెట్టినాడు. ఆయన కూడా ఒకప్పుడు తెలుగు రాని విద్యార్థే కదా! అందుకే తర్వాత వ్యాకరణం, నిఘంటువు, వేమన పద్యాల సంకలనం తయారుచేసినప్పుడు నేర్చుకునేవాడికి ఎక్కడ అడ్డం పడుతుందో ఆయనకు తెలుసు. కడపలో ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. అటు పోతే తప్పకుండా చూడండి.

ఇప్పుడు మన అమ్మానాన్నల కాలానికి వద్దాం. 1980లలో బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. పాత సార్లు దాన్ని "అప్పెప్" అంటారు. అందులో ఆరు సూత్రాలు: టీచరే కృత్యాలు తయారుచేయాలి, పిల్లలు చేసి నేర్చుకోవాలి, ఒంటరిగా, గ్రూపుగా, క్లాసంతా కలిసి పని ఉండాలి, పిల్లల తేడాలు గమనించాలి, చుట్టుపక్కల పరిసరాలను వాడాలి, పిల్లల పనిని గోడల మీద పెట్టాలి. మంచి సూత్రాలే. 1996 తర్వాత డీపీఈపీ మొదటి విడతలో మన కర్నూలు కూడా ఉంది. కానీ చాలా బడుల్లో గోడలు మారినంతగా చదువు మారలేదు. పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు, మళ్లీ అదే వల్లె. నా రంగు చార్టుల సంగతి కూడా ఇంతే అని నవ్వొచ్చింది.

అయితే అదే కాలంలో మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో ఇంకో పని జరిగింది. చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క టీచరు ఉండే చిన్న బడులు పెట్టినారు. పిల్లలు మేకలు కాయడానికి పోతారు, కోతలకు పోతారు. క్లాసంతా ఒకే పాఠం అంటే అక్కడ నడవదు. అందుకని పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టినారు. గోడ మీద ఒక నిచ్చెన లాంటి బొమ్మ. ప్రతి పిల్లోడికీ తను ఏ మెట్టు మీద ఉన్నాడో తెలుసు. పది రోజులు రాకపోతే పదకొండో రోజు వచ్చి అదే మెట్టు నుంచి ఎక్కుతాడు. కొందరు టీచరు దగ్గర, కొందరు తోటి పిల్లల దగ్గర, కొందరు సొంతంగా. ఇది చూసే 1995లో మైసూరు జిల్లాలో "నలి కలి" మొదలైంది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లోకీ ఇది పోయింది. ఇసుకలో రాసి, తోటివాడి దగ్గర నేర్చుకునే పద్ధతి ఏ మద్రాసు నుంచి లండన్‌కు పోయిందో, ఆ ఊరికే సీమ పల్లెల నుంచి కొత్త రూపంలో వచ్చి చేరిందన్నమాట.

సరే, నేనేం చేసినానో చెప్పి ముగిస్తా. రెండో ఏడాది జూన్‌లో ముందు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చదివించినా. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, వాక్యాలు: నాలుగు గుంపులు తేలినాయి. పాత క్యాలెండర్ల అట్టలతో కార్డులు చేసినా. ఆదివారాలు పోయినాయి, నిజమే. సుగ్గికి పోయే ప్రతి పిల్లోడి నోట్‌బుక్ చివరి పేజీలో వాడు ఏ మెట్టు దగ్గర ఉన్నాడో రాసి పంపించినా. సీజనల్ హాస్టల్ గురించి తల్లిదండ్రులతో మాట్లాడినా. కొంతమంది ఉంచినారు, కొంతమంది తీసుకుపోయినారు. ఎక్కాలు మాత్రం ఇప్పటికీ వల్లె వేయిస్తా, దానికి సిగ్గుపడను. అర్థమైనాక వల్లె వేస్తే తప్పేం లేదు.

ఆ ఏడాది మార్చిలో తిరిగొచ్చిన వాళ్లు తొమ్మిది మంది. ఏడుగురు ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టినారు. ఇద్దరు ఆ పేజీ ఉన్న నోట్‌బుక్కే పోగొట్టుకున్నారు. వాళ్లకు మళ్లీ చదివించి చూసి మెట్టు చూపించాల్సి వచ్చింది. ఇంకో ఇద్దరు అసలు తిరిగి రాలేదు. ఏ పద్ధతీ వాళ్లను తీసుకురాలేదు, అది కూడా మీకు చెప్పాలి.

కాబట్టి కొత్త సార్లకు, మేడమ్‌లకు నా మాట ఇది: "ఏ పద్ధతి మంచిది" అని ముందు అడగొద్దు. నా ముందు కూర్చున్న పిల్లోడు రేపు రాకపోతే, తిరిగొచ్చిన రోజు వాడికి నా క్లాసులో చోటు ఉంటుందా అని అడగండి. ఉంటుందంటే మీరు వాడే పద్ధతి ఏదైనా పర్వాలేదు.

మీ బడిలో ఏం చేస్తున్నారో కామెంట్లలో రాయండి, నేను చదువుతా. వచ్చే వారం కలుద్దాం. ఉంటాను మరి.