గాగుల్స్ మరిచిన పైలట్

1940 ఆగస్టు నడిమి రోజులు. ఇంగ్లండ్ దక్షిణాన టాంగ్‌మియర్ వైమానిక స్థావరం. జర్మన్ విమానాలు సముద్రం దాటి వస్తున్నాయన్న కబురు అందగానే 601 స్క్వాడ్రన్ పైలట్లు హరికేన్ల వైపు పరుగు తీశారు. ఆ దళంలో పెద్దింటి బిడ్డలే ఎక్కువ. అందుకే దానికి 'కోటీశ్వరుల స్క్వాడ్రన్' అని పేరు. వాళ్లలో ఒకడు గోర్డన్ క్లీవర్. స్నేహితులు 'మౌస్' అని పిలిచేవారు. మంచు మీద జారడంలో మొనగాడు, 1931లో ఆస్ట్రియాలోని కిట్జ్‌బూహెల్‌లో స్కీ పోటీ గెలిచినవాడు.

ఆ హడావిడిలో క్లీవర్ గాగుల్స్ మరిచిపోయాడు.

వెనక్కి వెళ్లి తెచ్చుకునే వ్యవధి లేదు. విమానం లేచింది. వించెస్టర్ మీదుగా పోరు సాగుతుండగా తూటాలు వచ్చి కాక్‌పిట్ పైకప్పుకు తగిలాయి. ఆ కప్పు గాజు కాదు, పెర్‌స్పెక్స్ అనే గట్టి ప్లాస్టిక్. పగిలితే మాత్రం గాజులాగే వాడి పెంకులవుతుంది. ఆ పెంకులు ఎగిరొచ్చి రెండు కళ్లలోనూ దిగబడ్డాయి. ఒక్క క్షణంలో లోకం చీకటైపోయింది.

అంత ఎత్తున, కళ్లు కనపడకుండా, దెబ్బతిన్న విమానంలో మనిషి ఏం చేస్తాడు? క్లీవర్ విమానాన్ని తలకిందులు చేసి, బెల్టు విప్పుకుని, బయటికి జారిపోయాడు. చేతి తడుములాటతోనే పారాచూట్ తెరిచాడు. నేల ఎంత దూరముందో చూడలేని మనిషి ప్రాణాలతో నేలకు దిగాడు.

ముఖానికి, కళ్లకు కలిపి 18 ఆపరేషన్లు జరిగాయి. ఒక కన్ను పోయింది. రెండోది కొంత దక్కింది. చికిత్స చేసిన డాక్టర్లలో హెరాల్డ్ రిడ్లీ ఒకరు. కంట్లో నలుసు పడితేనే మనం నీళ్లు కార్చుకుంటాం. లోపల ఏదైనా గుచ్చుకుని ఉండిపోతే తరచూ వాపు, చీము వస్తాయి. కానీ క్లీవర్ కంట్లో మిగిలిపోయిన పెర్‌స్పెక్స్ ముక్కలు ఏళ్లు గడిచినా కదలక మెదలక పడి ఉన్నాయి. కన్ను వాటిని పరాయి వస్తువుగా ఎంచలేదు. రిడ్లీ దాన్ని గుర్తుపెట్టుకున్నారు. 1949 నవంబర్ 29న లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఒక రోగి కంటి శుక్లం తీసి, అదే రకం ప్లాస్టిక్‌తో చేయించిన చిన్న బిళ్లను ఆ స్థానంలో అమర్చారు. ఆనాటి కంటి వైద్య పెద్దలు ఆయన్ని మెచ్చుకోకపోగా తప్పుపట్టారు. అమెరికా ప్రభుత్వ ఆమోదం రావడానికి 1981 దాకా పట్టింది. ఇవాళ మన ఊళ్లలో ముసలమ్మలు 'నాకు లెన్సు వేశారమ్మా' అని చెప్పుకునేది ఆ బిళ్ల సంతతే. 1987లో క్లీవర్ మిగిలిన కంటికీ శుక్లం వస్తే, ఆయనకూ అదే వేశారు!

ఈ గాథ ఎవరు చెప్పినా ఇక్కడ ఆపి చప్పట్లు కొట్టిస్తారు. నా మనసు మాత్రం ఆ గాగుల్స్ దగ్గరే ఆగిపోతుంది. ఉండీ పెట్టుకోని రక్షణ సామగ్రి చరిత్ర క్లీవర్‌తో మొదలూ కాలేదు, ముగియనూ లేదు.

2003-2005 మధ్య ఇరాక్‌లో అమెరికన్ సైనిక వైద్యులు 797 తీవ్రమైన కంటి గాయాలకు చికిత్స చేశారు. అందులో 438 కేసుల్లో కనుగుడ్డే చిరిగింది. 116 కళ్లు తీసేయాల్సి వచ్చింది. ఎక్కువగా దారి పక్కన పాతిపెట్టిన బాంబుల పని ఇది. చొక్కా మీది కవచం గుండెను కాస్తుంది, హెల్మెట్ తలను కాస్తుంది, రవ్వంత రాయో ఇనుప ముక్కో సూటిగా కంటికి తగులుతుంది. కళ్లను కాసే జోళ్లు సైన్యం దగ్గర అంతకుముందే ఉన్నాయి. కానీ ఉక్కపోస్తుంది, ఆవిరి పడుతుంది, పైగా చూడ్డానికి బాగోవు. నవ్వకండి, ఇరవయ్యేళ్ల కుర్రాడికి అది చిన్న విషయం కాదు. సైన్యం అప్పట్లో ఇచ్చిన మామూలు చూపు కళ్లజోడు పెట్టుకున్నా ఏ పిల్లా దగ్గరికి రాదని, దానికి వాళ్లు 'బర్త్ కంట్రోల్ గ్లాసెస్' అని పేరు పెట్టారు.

అధికారులు చివరికి ఒక తెలివైన పని చేశారు. కుర్రాళ్లు ఇష్టపడే ఓక్లీ, వైలీ ఎక్స్, ఈఎస్ఎస్, రివిజన్ లాంటి కంపెనీల జోళ్లనే తెప్పించి, పరీక్షించి, నెగ్గినవాటితో అనుమతి జాబితా తయారుచేశారు. దాని పేరు ఏపీఈఎల్. పరీక్ష ఆషామాషీ కాదు. కళ్లజోడును బొమ్మతలకు తగిలించి, వెనక పల్చటి అల్యూమినియం రేకు పెడతారు. గ్రాములో మూడో వంతు బరువు దాటిన ఉక్కు ముక్కను సెకనుకు దాదాపు 200 మీటర్ల వేగంతో పేలుస్తారు. రేకుకు చిల్లు పడితే ఆ జోడు పనికిరాదు. ఫ్యాక్టరీ కళ్లద్దాల అమెరికన్ ప్రమాణంలో ఆ వేగం 46 మీటర్లే. నిలబడేది పాలీకార్బనేట్. ఇది 1953 తర్వాత వచ్చిన ప్లాస్టిక్. దెబ్బకు సాగుతుంది, గుంట పడుతుంది, పెర్‌స్పెక్స్‌లా పెంకులుగా చెదరదు. క్లీవర్ కాలానికి అది పుట్టనే లేదు.

ఆన్‌లైన్‌లో 'మిలిటరీ గ్రేడ్' అని అమ్మే ప్రతిదీ ఆ జాబితాలోది కాదు. ఆ పేరును ఎవరైనా అతికించుకోవచ్చు. మనలో చాలామందికి యుద్ధం లేదు, నిజమే. కానీ గ్రైండింగ్ చక్రం ముందు, రాళ్లు కొట్టే చోట చలువ కళ్లద్దాలతోనో, ఉత్త కళ్లతోనో పనిచేసేవాళ్లు మన వీధిలోనే ఉన్నారు. వాళ్ల కోసం మన దేశ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ 5983. పనివాళ్లకు కళ్లద్దాలు కొనిచ్చే యజమానులు ఆ అంకె చూసి కొనండి. ముందు వాళ్లకు పెట్టి చూపించి, ముక్కు మీద నొక్కుకుంటోందా, ఆవిరి పడుతోందా అని అడిగి మరీ కొనండి.