త్రీడీ యానిమేషన్, మోషన్ గ్రాఫిక్స్ విద్య

అక్షరాలకు, బొమ్మలకు, చిహ్నాలకు చలనం కల్పించే మోషన్ గ్రాఫిక్స్‌ను, పొడవు, వెడల్పు, లోతు గల రూపాలను కంప్యూటర్‌లో నిర్మించి నడిపించే త్రీడీ యానిమేషన్‌ను కళాశాల స్థాయిలో నేర్పే విద్యాశాఖ ఇది. గుంటూరు జిల్లాలోని ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 2015లో తాత్కాలిక వసతితో మొదలైన జాతీయ డిజైన్ సంస్థ కమ్యూనికేషన్ డిజైన్‌ను బోధిస్తుండగా, 2008లో హైదరాబాదులో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం యానిమేషన్‌లో లలితకళల పట్టా ఇస్తున్నది.

శిక్షణ చేతిగీతతో ఆరంభమై, రూపాన్ని మలిచే మోడలింగ్, పాత్రను కదిలించడానికి లోపల ఎముకల అమరికను కూర్చే రిగ్గింగ్, దృశ్యాన్ని తుది చిత్రాలుగా గణించే రెండరింగ్ వరకు సాగుతుంది. తొలి అభ్యాసాల్లో ఒకటైన ఎగిరే బంతిలో విద్యార్థి ముఖ్యమైన భంగిమలను కీఫ్రేములుగా నిర్ణయిస్తాడు. సినిమాలో సెకనుకు సాధారణంగా 24 చిత్రాలు నడుస్తాయి గనుక, బంతి పైకెగిరినప్పుడు చిత్రాల మధ్య ఎడం తగ్గి వేగం మందగించినట్టు, నేలను సమీపించినప్పుడు ఎడం పెరిగి వేగం హెచ్చినట్టు కనిపిస్తుంది. బరువును, కాలాన్ని కంటితో గ్రహించే ఈ నేర్పే సాఫ్ట్‌వేర్ పరిజ్ఞానం కన్నా మిన్న. కంప్యూటర్ సృష్టించిన కీటకాన్ని కథానాయకుణ్ణి చేసిన ‘ఈగ’ (2012) తెలుగునాట ఈ విద్యకున్న అవకాశాన్ని నిరూపించింది.